కెమెరా చెడిపోలేదు, ఫొటో ఫ్రేమూ చెడిపోలేదు

సంపాదకులకు నమస్కారం.

గృహప్రవేశాలకు, పెళ్లిళ్లకు, పదవీ విరమణ సభలకు డిజిటల్ ఫొటో ఫ్రేమ్, అంటే ఫొటోలను తెర మీద ఒకదాని తరువాత ఒకటి చూపే పరికరం, కానుకగా ఇవ్వడం మన అనంతపురం, కర్నూలు, కడప ఊళ్లలో మామూలైంది. ఇంటికి తెచ్చాక జరిగేది మాత్రం చాలా ఇళ్లలో ఒకే తంతు. ఇంట్లో ఉన్న కెమెరాకు కేబుల్ తగిలించి, రెండో కొనను ఫ్రేమ్‌కు గుచ్చుతారు. తెర మీద ఏమీ రాదు. లేదంటే కార్డు లేదనో, ఫైళ్లు లేవనో రాసి వస్తుంది. కెమెరా పోయిందని ఒకరంటారు, ఫ్రేమ్ నాసిరకమని ఇంకొకరంటారు. చివరికి కెమెరా రిపేరు అంగడికి వస్తుంది, ఫ్రేమ్ అటకెక్కుతుంది. ఫొటోలు తీయడం, కెమెరాలు బాగుచేయడం మా వృత్తి. ఇట్లా మా దగ్గరికి వచ్చేవాటిలో చాలావరకు రెండు పరికరాలూ నిక్షేపంగా ఉంటాయి. చెడింది ఏదీ లేకపోయినా జనం డబ్బు పోగొట్టుకోవడం మాకు బాధగా ఉంది. ఇంట్లోనే సరిచూసుకోవడానికి వీలున్న పని కాబట్టి, వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడవైనా ప్రచురించగలరు.

ముందు ఏది బాగుందో తేల్చుకోవాలి. కేబుల్‌ను పక్కన పెట్టండి. కెమెరా ఆపి, ఫొటోలు దాచే మెమరీ కార్డు అందులోంచి తీసి కంప్యూటర్‌లో పెట్టండి. ఫొటోలు తెరుచుకుంటే కెమెరా, కార్డు రెండూ బాగున్నట్టే. ఇప్పుడు అందులో ఒక ఫొటోను విండోస్‌లో ఉండే పెయింట్‌లో తెరిచి, రీసైజ్‌లో వెడల్పు 1024 పిక్సెళ్లు అని ఇచ్చి, జేపెగ్ అనే మామూలు ఫొటో ఫైల్ రకంగా వేరే పేరుతో సేవ్ చేయండి. ఆ ఒక్క ఫొటోను 8 జీబీ, 16 జీబీ లాంటి చిన్న పెన్‌డ్రైవ్‌లో వేసి ఫ్రేమ్‌కు పెట్టండి. ఫొటో కనిపించిందంటే ఫ్రేమ్‌కు ఏ జబ్బూ లేదు. ఇక మిగిలిన అనుమానం రెండింటి నడుమ ఉన్న తోవ మీదే. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఏ పరికరాన్నీ రిపేరుకు ఇవ్వొద్దు.

కేబుల్‌తో ఎందుకు కలవవో చెప్పాలి, ఎందుకంటే అందరూ తడబడేది అక్కడే. యూఎస్‌బీ కేబుల్‌కు రెండు కొనలున్నా రెండూ సమానం కావు. ఒక వైపు అడిగే పరికరం, రెండో వైపు జవాబిచ్చే పరికరం ఉండాలి. అడిగేదాన్ని హోస్ట్ అంటారు. కంప్యూటర్ హోస్ట్. కెమెరా, ప్రింటర్, పెన్‌డ్రైవ్ జవాబు చెప్పేవి మాత్రమే. జవాబు చెప్పే రెండింటిని ఎంత మంచి కేబుల్‌తో కలిపినా రెండూ ఎదుటిది అడుగుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

మీ ఫ్రేమ్ ఏ రకమో దాని వెనుక ఉన్న రంధ్రమే చెబుతుంది. పై మూలలు నునుపుగా, కింది వైపు ఇరుకుగా ఉండే చిన్న మినీ యూఎస్‌బీ సాకెట్ ఒక్కటే ఉంటే, అది ఫ్రేమ్‌ను కంప్యూటర్‌కు తగిలించడానికి ఇచ్చింది. అక్కడ ఫ్రేమే ఒక పెన్‌డ్రైవ్‌లా నడుచుకుంటుంది. దానికి కెమెరా తగిలించడం ఈ జన్మకు కుదరదు. రెండు వైపులా ఒకే రకం పిన్నులున్న కేబుళ్లు, మార్పిడి ముక్కలు అంగళ్లలో దొరుకుతాయి. వాటిని కొనుక్కొచ్చి ప్రయత్నించవద్దు. రంధ్రంలో దూరినంత మాత్రాన మాట కలవదు. పైగా రెండు వైపుల నుంచీ 5 వోల్టులు ఎదురెదురుగా వస్తే సాకెట్ దగ్గరి చిప్పు కాలిపోయే ప్రమాదం ఉంది. కొత్త ఫ్రేముల్లో కొన్నింటికి ఉండే టైప్-సి సాకెట్ చాలావరకు కరెంటు కోసమే. పెన్‌డ్రైవ్ పట్టే వెడల్పాటి చదునైన సాకెట్ ఉంటేనే ఆ ఫ్రేమ్ హోస్ట్‌గా పనిచేస్తుంది.

అయితే వెడల్పు సాకెట్ ఉన్న ఫ్రేముల్లోనూ కెమెరా కనపడకపోవడమే ఎక్కువ. కారణం, రెండూ మాట్లాడే తీరు వేరు. పెన్‌డ్రైవ్ మాస్ స్టోరేజ్ పద్ధతిలో మాట్లాడుతుంది, అంటే తనలోని ఫోల్డర్లన్నీ నేరుగా తెరిచి చూపుతుంది. ఫ్రేమ్‌కు తెలిసింది అదొక్కటే. కెమెరాలు చాలావరకు పీటీపీ లేదా ఎంటీపీ పద్ధతిలో మాట్లాడతాయి. అక్కడ డిస్కు అంటూ కనపడదు, ఫొటో తరువాత ఫొటోను అడిగి తీసుకోవాలి. కంప్యూటర్‌కు రెండు పద్ధతులూ వచ్చు కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు. ఫ్రేమ్‌లోని చిన్న చిప్పుకు అంత నేర్పు పెట్టరు. కెమెరా మీద పిక్ట్‌బ్రిడ్జ్ అనే గుర్తు చూసి, నేరుగా కలుస్తుందని కొందరు ఆశపడతారు. అది ప్రింటర్ల కోసం 2003లో వచ్చిన ఏర్పాటు. ఫ్రేమ్‌లకు దానితో సంబంధం లేదు.

కొన్ని కెమెరాల్లో ఈ పద్ధతిని మార్చుకోవచ్చు. మెనూలో పానా గుర్తు లేదా పెట్టె గుర్తు ఉన్న సెటప్ పేజీకి వెళ్లి యూఎస్‌బీ కనెక్షన్ అనే వరుస వెతకండి. సోనీ కెమెరాలు చాలావాటిలో ఆటో, మాస్ స్టోరేజ్, ఎంటీపీ, పీసీ రిమోట్ అని ఉంటాయి. ఆటో వదిలేసి మాస్ స్టోరేజ్ ఎంచుకోండి. పాత నికాన్ మోడళ్లు కొన్నింటిలోనూ ఈ ఎంపిక ఉంది. కానన్ కెమెరాల్లో చాలావాటిలో అసలు లేదు, వెతికి ప్రయోజనం లేదు. మార్చాక వరుస ముఖ్యం. ఫ్రేమ్ వేసి ఉంచి, ఆపి ఉన్న కెమెరాకు కేబుల్ పెట్టి, ఆ తరువాత కెమెరా ఆన్ చేయాలి. కెమెరా బ్యాటరీ నిండుగా ఉండాలి, తనంతట తాను ఆగిపోయే ఆటో ఆఫ్ సమయాన్ని పెంచాలి. లేకుంటే సగం ఫొటోలు చదివాక తెగిపోతుంది.

ఇంత చేసినా చేతిలో పట్టే చిన్న కెమెరాల్లో ఇంకో మెలిక ఉంటుంది. కార్డుతో పాటు వాటికి కొద్దిపాటి సొంత మెమరీ ఉంటుంది. మాస్ స్టోరేజ్‌లో అవి రెండు డిస్కులుగా కనపడతాయి. కొన్ని ఫ్రేములు మొదటిదాన్నే చూసి ఊరుకుంటాయి. ఆ మొదటిది ఖాళీగా ఉన్న సొంత మెమరీ అయితే ఫైళ్లు లేవని చెబుతుంది. ఫ్రేమ్ అబద్ధం చెప్పడం లేదు, చూడాల్సిన చోట చూడలేదంతే.

కేబుల్ సంగతి. యూఎస్‌బీ 2.0 కేబుల్‌ను కోసి చూస్తే లోపల నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకు. తెలుపు, ఆకుపచ్చ సమాచారానికి. ఫోన్ చార్జర్లతో, టార్చిలైట్లతో వచ్చే చవక కేబుళ్లలో కొన్నింటికి కరెంటు తీగలే ఉంటాయి. అది తగిలిస్తే కెమెరా మీద చార్జింగ్ దీపం వెలుగుతుంది, ఫొటో ఒక్కటి కదలదు. అదే కేబుల్‌తో కెమెరాను కంప్యూటర్‌కు తగిలిస్తే సంగతి తేలిపోతుంది. పాత నికాన్, పానాసోనిక్ చిన్న కెమెరాలకు 8 పిన్నుల ప్రత్యేక కేబుల్ ఉంటుంది. చూడ్డానికి మినీ యూఎస్‌బీలాగే ఉంటుంది కానీ సరిపోదు. బలవంతాన తోస్తే కెమెరా సాకెట్‌లోని నాలుక విరుగుతుంది, అప్పుడు నిజంగానే రిపేరు అవసరమవుతుంది. కేబుల్ పెట్టగానే ఫ్రేమ్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే, కెమెరా చార్జింగ్ కోసం కరెంటు లాగుతోందని అర్థం. యూఎస్‌బీ 2.0 సాకెట్ ఇవ్వగలిగింది 500 మిల్లీఆంపియర్లే. మెనూలో యూఎస్‌బీ ద్వారా చార్జింగ్ అనే అంశం ఉంటే ఆపేయండి.

ఇన్ని తిప్పలు ఎందుకని మేము చెప్పే మాట ఒకటే: కెమెరాకూ ఫ్రేమ్‌కూ కేబుల్ మానేసి కార్డుతోనో, పెన్‌డ్రైవ్‌తోనో పని కానివ్వండి. అందులోనూ పెన్‌డ్రైవే మేలు. కెమెరా కార్డు కెమెరాలోనే ఉంటుంది, ఫ్రేమ్‌కు దాని పెన్‌డ్రైవ్ దానికి ఉంటుంది.

కార్డే పెట్టదలచుకుంటే కెమెరా ఆపి, ఎర్రదీపం మినుకుమనడం ఆగాక తీయండి. ఫ్రేముల్లో కొన్ని స్లాట్లకు స్ప్రింగు ఉండదు, కార్డు సగం బయటికి కనపడుతూనే ఉంటుంది. అది సరిగానే ఉన్నట్టు. క్లిక్ అనలేదని ఇంకా లోపలికి నెట్టవద్దు. కార్డు పక్కనున్న చిన్న లాక్ మీట కిందికి జరిగి ఉన్నా చదవడానికి అడ్డు రాదు, రాయడానికి, చెరపడానికే అడ్డు. మైక్రో కార్డును అడాప్టర్‌లో వేసి పెడితే మాత్రం ఆ అడాప్టర్ వదులుగా ఉందేమో చూడండి. తాడిపత్రి, బేతంచెర్ల లాంటి బండలు కోసే, పాలిష్ పట్టే ఊళ్లలో సన్నని రాతిపొడి కార్డు పిన్నుల మీద చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే త్వరగా ఆరిపోయే ద్రవంతో మెత్తటి బట్టను కొద్దిగా తడిపి బంగారు రంగు పట్టీలను పొడవునా తుడిచి, ఆరాక పెట్టండి. నోటితో ఊదితే తేమ చేరుతుంది. స్లాట్‌లోకి పిన్నీసు, సూది పెట్టడం అస్సలు తగదు.

కార్డు శుభ్రంగా ఉండి కూడా ఫ్రేమ్ చదవలేదంటే దాని మీద రాసిన అక్షరాలు చూడండి. 2 జీబీ వరకు ఉన్నవి ఎస్‌డీ, ఆపై 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ, 32 దాటినవి ఎస్‌డీఎక్స్‌సీ. ఎస్‌డీఎక్స్‌సీ 2009లో ప్రకటించిన రకం. అందులో ఫైళ్లను అమర్చే పద్ధతి ఎక్స్‌ఫ్యాట్. పాత ఫ్రేములకు, ఇప్పటికీ వస్తున్న చవక ఫ్రేములు కొన్నింటికి ఈ పద్ధతి తెలియదు. 64 జీబీ కార్డు కెమెరాలో బ్రహ్మాండంగా నడుస్తూ ఫ్రేమ్‌లో ఖాళీగా కనిపించడానికి కారణం ఇదే. కెమెరాలో మళ్లీ ఫార్మాట్ చేస్తే కెమెరా తిరిగి ఎక్స్‌ఫ్యాటే చేస్తుంది, ఫొటోలు పోవడం తప్ప లాభం లేదు. 32 జీబీకి లోపున్న పెన్‌డ్రైవ్ తీసుకుని, అందులో ఉన్నవి వేరే చోట దాచి, విండోస్‌లో దాని మీద కుడి క్లిక్ చేసి, ఫార్మాట్‌లో ఫైల్ సిస్టమ్ దగ్గర ఫ్యాట్32 అనే పాత పద్ధతిని ఎంచుకోండి. విండోస్ సొంత పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉంటే చాలా ఫ్రేములు చదవవు. 32 జీబీ దాటినదానికి ఆ మామూలు కిటికీలో ఫ్యాట్32 ఎంపికే కనపడదు, అందుకే చిన్నది కొనమంటున్నాం. ఫ్రేమ్‌కు 8 జీబీ కూడా పుష్కలం.

కార్డు దొరికింది, ఫోల్డర్ పేరు కూడా వచ్చింది, అయినా ఫొటో రాలేదు. లేదా కొన్ని వచ్చి కొన్ని రాలేదు. అప్పుడు తప్పు ఫొటో ఫైల్‌లో ఉంటుంది. మా వృత్తివాళ్లం ఇచ్చే ఫైళ్ల వల్లే ఈ చిక్కు ఎక్కువ కాబట్టి దీన్ని కొంచెం విడమరచి చెప్పాలి.

కెమెరా తాను పట్టినదాన్ని జేపెగ్‌గా మార్చకుండా దాచే రా ఫైళ్లు, అంటే నికాన్‌లో ఎన్‌ఈఎఫ్, కానన్‌లో సీఆర్2, సీఆర్3, సోనీలో ఏఆర్‌డబ్ల్యూ, ఫ్రేములు తెరవవు. 2017 నుంచి ఐఫోన్లు తీస్తున్న హెచ్‌ఈఐసీ ఫొటోలనూ పాత ఫ్రేములు తెరవవు. ఐఫోన్ సెటింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, మోస్ట్ కంపాటిబుల్ అని మార్చుకుంటే అప్పటి నుంచి తీసేవి జేపెగ్‌గా వస్తాయి. జేపెగ్‌లోనూ రెండు రకాలున్నాయి. బేస్‌లైన్ రకం పై నుంచి కిందికి వరుసగా నిండుతుంది. ప్రోగ్రెసివ్ రకం ముందు మసకగా మొత్తం కనిపించి, విడతలు విడతలుగా తేటపడుతుంది. నెమ్మది ఇంటర్నెట్ కోసం పుట్టిన ఏర్పాటు అది. దాన్ని విప్పడానికి మెమరీ ఎక్కువ కావాలి, అందుకే చాలా ఫ్రేములు చేతులెత్తేస్తాయి. కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫొటో కనపడి, ఫేస్‌బుక్ లాంటి చోట్ల నుంచి దించుకున్నదో, ఫొటోషాప్‌లో దిద్దినదో కనపడలేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఫొటోషాప్‌లో జేపెగ్‌గా సేవ్ చేసేటప్పుడు వచ్చే కిటికీలో బేస్‌లైన్ స్టాండర్డ్ అనే బొత్తం నొక్కాలి. ప్రింటింగ్ ప్రెస్ కోసం వాడే సీఎంవైకే రంగుల్లో సేవ్ చేసిన ఫైల్ కూడా ఫ్రేమ్‌లో రాదు, వచ్చినా రంగులు తలకిందులవుతాయి. తెరలు వాడే ఆర్‌జీబీలోకి మార్చాలి. అందులోనూ అడోబ్ ఆర్‌జీబీ అనే రకంలో ఉంటే ముఖాలు పాలిపోయి కనపడతాయి, ఎస్‌ఆర్‌జీబీ పెట్టాలి.

ఇక కొలత. మన దగ్గర పెళ్లి ఆల్బమ్ షీటు 12×36 అంగుళాలు వేస్తున్నాం. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున అది 10800×3600 పిక్సెళ్లు, అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షలు. ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు వేసుకున్నా, ఆ ఒక్క షీటు తెర మీదికి రావాలంటే 11 కోట్ల బైట్లు దాటిన చోటు కావాలి. డిస్కులో ఫైల్ 10 ఎంబీయే కదా అంటారు. అది మడిచిన కొలత, తెర మీద పరచాలంటే పూర్తిగా విప్పక తప్పదు. చిన్న ఫ్రేమ్‌లో అంత మెమరీ ఉండదు, ఫైల్ తప్పని చెప్పి తరువాతి దానికి పోతుంది, లేదా అక్కడే బిగుసుకుపోతుంది. ఒకవేళ తెరిచినా 1024×600 తెర మీద ఆ షీటు 1024 వెడల్పు, 341 ఎత్తున్న సన్నటి పట్టీలా వస్తుంది. పైనా కిందా నలుపు, నడుమ గుర్తుపట్టలేనంత చిన్న ముఖాలు. తలంబ్రాల షీటు వేసి ఫ్రేమ్ బాగాలేదంటే లాభమేముంది? ఆల్బమ్ షీట్లు ఫ్రేమ్‌లో వేయకూడదు, విడి ఫొటోలే వేయాలి. 24 మెగాపిక్సెళ్ల మామూలు కెమెరా ఫొటో, అంటే 6000×4000 ఉన్నది, చాలా ఫ్రేముల్లో తెరుచుకుంటుంది కానీ ఒక్కొక్కటీ రావడానికి ఆలస్యమవుతుంది.

అందుకని ఫ్రేమ్ కోసం వేరుగా ఒక ఫోల్డర్ తయారు చేసుకోవాలి. 7 అంగుళాల ఫ్రేములు చాలావరకు 800×480, 10 అంగుళాలవి 1024×600 లేదా 1280×800. పొడవు వైపు 1280 పిక్సెళ్లు పెడితే వీటన్నిటికీ చాలు. ఫుల్ హెచ్‌డీ తెర అయితే 1920 పెట్టండి. నాణ్యత 85 సరిపోతుంది. ఫొటోలు చూడటానికి, మార్చడానికి విండోస్‌లో నడిచే ఇర్ఫాన్‌వ్యూ అనే ప్రోగ్రామ్ ఇళ్లలో వాడుకోవడానికి ఉచితం. దానిలో బ్యాచ్ కన్వర్షన్ తెరిచి, ఫొటోలన్నీ ఒక్కసారే చేర్చి, అవుట్‌పుట్ జేపెగ్ అని, పక్కనున్న ఆప్షన్లలో ప్రోగ్రెసివ్ టిక్కు తీసేసి, అడ్వాన్స్‌డ్‌లో కొలత ఇచ్చి నడపండి. వేరే ఫోల్డర్‌లోకి తీయడం మరవొద్దు, అసలు ఫొటోల మీదే రాసేస్తే వాటిని తిరిగి తెచ్చుకోలేరు.

నిలువు ఫొటోలు ఫ్రేమ్‌లో అడ్డంగా పడుకోవడం ఇంకో ఫిర్యాదు. కెమెరాను నిలువుగా పట్టుకుని తీసినా ఫొటో అడ్డంగానే రికార్డవుతుంది, తిప్పి చూపమని ఒక గుర్తు మాత్రం లోపల రాసుకుంటుంది. కంప్యూటర్ ఆ గుర్తును గౌరవిస్తుంది, పాత ఫ్రేములు పట్టించుకోవు. పైన చెప్పిన ఇర్ఫాన్‌వ్యూలో ఆటో రొటేట్ ఎంచుకుని మార్పిడి చేస్తే ఫొటో నిజంగా తిరిగి సేవ్ అవుతుంది.

ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, అంకెల్లో, పొట్టిగా ఉంచండి. తెలుగులో పెట్టిన పేర్లు కొన్ని ఫ్రేముల్లో ప్రశ్నగుర్తులుగా మారతాయి, కొన్నింటిలో ఆ ఫొటోనే దాటేస్తుంది. కెమెరా కార్డులో డీసీఐఎం అనే ఫోల్డర్, దాని లోపల ఇంకో ఫోల్డర్, అందులో ఫొటోలు ఉంటాయి. కొన్ని ఫ్రేములు అంత లోతుకు దిగవు. ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో వేయండి. ఆపిల్ కంప్యూటర్ నుంచి కాపీ చేస్తే చుక్క, కింద గీతతో మొదలయ్యే దాపరికపు ఫైళ్లు కూడా వస్తాయి, ఫ్రేమ్ వాటిని విరిగిన ఫొటోలుగా చూపుతుంది. విండోస్‌లో తెరిచి చెరిపేయండి. పేర్లు మార్చిన ఫొటోలను తిరిగి కెమెరా కార్డులో వేస్తే కెమెరా వాటిని చూపకపోవచ్చు. కెమెరా తాను పెట్టిన పేరు తీరునే గుర్తిస్తుంది.

వైఫై ఉన్న ఫ్రేములు వేరే దారి. కెమెరాలోనూ వైఫై ఉంది, ఫ్రేమ్‌లోనూ వైఫై ఉంది కాబట్టి కలిసిపోతాయనుకోవద్దు. కెమెరా వైఫై ఫోన్‌లోని తన యాప్‌తోనే మాట్లాడుతుంది. కెమెరా నుంచి ఫోన్‌కు, ఫోన్ నుంచి ఫ్రేమ్‌కు, రెండంచెల్లో పంపాలి. నికాన్ వాళ్ల స్నాప్‌బ్రిడ్జ్ యాప్ తనంతట తాను ఫోన్‌లోకి తెచ్చే 2 మెగాపిక్సెళ్ల ఫొటోలు ఫ్రేమ్‌కు సరిగ్గా సరిపోతాయి. ఇక్కడ తప్పే చోటు ఒకటుంది. కెమెరా వైఫైకి ఫోన్ కలిసి ఉన్నంతసేపు ఫోన్‌కు ఆ వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. ఫొటోలు ఫోన్‌లోకి వచ్చాక కెమెరా ఆపి, ఇంటి వైఫైకో మొబైల్ డేటాకో మారి, అప్పుడు ఫ్రేమ్ యాప్‌లో పంపాలి. ఫ్రేములు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి. ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే దాని పేరే ఫ్రేమ్ జాబితాలో రాదు, హాట్‌స్పాట్ సెటింగ్స్‌లో బ్యాండ్‌ను 2.4కు మార్చండి. హాస్టళ్లలో, ఆఫీసుల్లో లాగిన్ పేజీ తెరుచుకునే వైఫైతో ఫ్రేమ్ కలవదు.

అడాప్టర్ విషయంలో మాత్రం అప్రమత్తంగా ఉండాలని గట్టిగా చెబుతున్నాం. ఫ్రేములు నిజంగా కాలిపోయేది ఇక్కడే. ఫ్రేమ్ అడాప్టర్ పోతే, గుండ్రటి పిన్ను సరిపోయిందని టీవీ సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పెడతారు. అది చాలావరకు 12 వోల్టులది. ఫ్రేముల్లో చాలావాటికి 5 వోల్టులే కావాలి. పెట్టిన క్షణంలోనే లోపల వోల్టులను అదుపుచేసే రెగ్యులేటర్ పోతుంది. ఫ్రేమ్ వెనుక స్టిక్కర్ మీద వోల్టులు ఎంతుంటే అడాప్టర్ మీద అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండొచ్చు, ఎక్కువున్నా పరవాలేదు, తక్కువ ఉండకూడదు. చుక్క, దాని చుట్టూ అర్ధచంద్రం, రెండు పక్కలా ప్లస్, మైనస్ ఉన్న చిన్న బొమ్మ రెండింటి మీదా ఒకేలా ఉండాలి. నడిమి చుక్కకు ప్లస్ కలిసి ఉండటమే ఎక్కువ చోట్ల కనిపిస్తుంది కానీ చూడకుండా పెట్టవద్దు. కాపీ అవుతుండగా కరెంటు పోతే పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్ల పట్టిక చెడవచ్చు. అసలు ఫొటోలు ఇంకో చోట ఉంచుకోమనడానికి అదొక కారణం.

ఇంకో కారణం దీనికన్నా పెద్దది. ఫ్రేమ్‌లో కాపీ అనే బొత్తం నొక్కి, అన్నీ లోపలికి చేరాయి కదా అని కెమెరా కార్డును ఫార్మాట్ చేసేవాళ్లున్నారు. చాలా ఫ్రేములు లోపలికి తీసుకునేటప్పుడు ఫొటోను తమ తెర కొలతకు కుదించి దాచుకుంటాయి. 6000×4000 ఫొటో 800×480 తెర ఉన్న ఫ్రేమ్‌లో 720×480గా మిగులుతుంది. గండికోట లోయ ముందు తీసుకున్న కుటుంబ ఫొటోను రేపు పెద్దదిగా ప్రింట్ వేయాలంటే దానితో కుదరదు. పోయిన పెద్దల ఫొటోలైతే మళ్లీ తీసేదీ లేదు. ఫ్రేమ్ చూసుకోవడానికే. అసలు ఫొటోలు హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఇంకో చోట ఇంకొకటి ఉండాలి.

అంగడివాళ్లకు ఒక విన్నపం. ఫ్రేమ్ అమ్మేటప్పుడు పెట్టెలోని డెమో ఫొటోలు చూపి పంపేయకండి. కొనేవాళ్ల కార్డునో పెన్‌డ్రైవ్‌నో పెట్టి చూపండి, ఎన్ని జీబీ వరకు, ఏ ఫార్మాట్ చదువుతుందో బిల్లు మీద రాసివ్వండి. తోటి స్టూడియోవాళ్లకు కూడా చెబుతున్నాం. ఆల్బమ్‌తో పాటు ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో ఫ్రేమ్ అని ఒక ఫోల్డర్ పెట్టి, విడి ఫొటోలను 1280 కొలతలో, బేస్‌లైన్ జేపెగ్‌లో వేసివ్వడం మనకు పెద్ద పనేమీ కాదు. ఫొటోషాప్ ఫైల్ మెనూలో స్క్రిప్ట్స్ కింద ఉన్న ఇమేజ్ ప్రాసెసర్ మనం టీ తాగి వచ్చేలోపు ఆ పని చేసిపెడుతుంది.

కొనేవాళ్లు పెట్టె కూడా చూడాలి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయడానికి వివరాలు పెట్టె మీద ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. ఇవేవీ లేని పెట్టెను చవకగా వచ్చిందని కొంటే, తరువాత అడగడానికి ఎవరూ ఉండరు. కెమెరాకు నేరుగా కలుస్తుందని పెట్టె మీద రాసి ఉండి, అది నిజం కాకపోతే, బిల్లు, పెట్టె, తెర మీద వచ్చిన సందేశం ఫొటో దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు.

ఇట్లు,
ఫొటోగ్రాఫర్లు, కెమెరా మెకానిక్కులు,
అనంతపురం.